ఎర్రగీటు లేని పుట

పక్కింటి మౌనిక మొన్న సాయంత్రం ఒక కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. తెలుగు పేపర్లో ముప్ఫై ఒకటి వచ్చాయట, గట్టెక్కడానికి ఇంకో నాలుగు కావాలి. పేపరు మళ్లీ దిద్దమని దరఖాస్తు పెట్టుకోవచ్చునట, కంప్యూటర్లోంచి తీయించుకొచ్చిన ఆ దరఖాస్తే చేతిలో ఉన్న కాగితం. "పెట్టమంటారా మేడమ్, వద్దంటారా?" అని అడిగింది. ముప్ఫై ఏళ్లు కాలేజీల్లో తెలుగు చెప్పి రిటైరైన దాన్ని కాబట్టి, కడపలో మా వీధి పిల్లల ధర్మసందేహాలన్నీ నా గడప తొక్కుతాయి. "నీ పేపరు దిద్దిందెవరో తెలుసా?" అన్నాను. తెలియదంది. మళ్లీ దిద్దేదెవరో? అదీ తెలియదు. పేపరు ఎక్కడికో పోతుంది, ఎక్కడినుంచో వస్తుంది, కొన్నాళ్లకు 'మార్పు లేదు' అని ఒక ముక్క కనిపిస్తుంది. గోడకు చెప్పుకున్నట్టే. ఆ పిల్ల కాసేపు గోళ్లు చూసుకుని, "ఆ దిద్దిన సారు ముందర కూర్చుని నేను రాసింది నేనే చదివి వినిపిస్తే బాగుండు మేడమ్, అప్పుడాయనకే తెలుస్తాది" అంది. రేపు రమ్మని పంపించేశాను.

ఆ పిల్ల వెళ్లాక పనమ్మాయి చేత అటక మీది నాయన ట్రంకు పెట్టె దింపించాను. ఏళ్ల తరబడి తెరవలేదు. మూత ఎత్తగానే నశ్యం వాసన కొట్టింది. మనిషి పోయి నలభై ఏళ్లు దాటినా ఆయన నశ్యం ఇంకా పోలేదు. లోపల ఆయన వెండి నశ్యం డబ్బీ, సోడాబుడ్డి అద్దాలు, బొటనవేలంత మిగిలిన ఎర్ర పెన్సిలు ముక్క, అడుగున నల్లదారంతో కుట్టిన ఒక జవాబు పేపరు. పేరు ఎస్. దస్తగిరి. మొదటి పుట మీద ఎర్ర పెన్సిలుతో ఇరవై తొమ్మిది అని వేసి ఉంది. ఆ అంకెలు వేసింది మా నాయన కాదు, నేను. అప్పుడు నాకు పదిహేనేళ్లు.

అప్పట్లో మేము కర్నూల్లో ఉండేవాళ్లం. నాయన అక్కడి కాలేజీలో తెలుగు పండితుడు. కాలేజీ అంటే ఇప్పటివాళ్లు ఏదో పెద్దగా ఊహించుకుంటారేమో, నవాబుల కాలపు పాత కట్టడమొకటి, అందులో ఇంటర్మీడియట్ దాకా చదువు, వానొస్తే గొడుగు వేసుకుని పాఠం చెప్పే గది ఒకటి. కోటకు దగ్గర్లో మాది మట్టి మిద్దె ఇల్లు. ఎండాకాలం తుంగభద్ర సన్నటి పాయగా మారిపోయేది, ఊళ్లో దుమ్మూ బండరాళ్ల వేడీ కలిసి ఒక వాసన వచ్చేది. నాయన తెల్లవారకముందే లేచి స్నానం చేసి, తడి పంచె ఆరేదాకా పద్యాలు చదువుకుంటూ వీధి అరుగు మీద తిరిగేవాడు, కట్ట అంటాం మేము దాన్ని. ఆయన గొంతు ఆగిందంటే నశ్యం పీలుస్తున్నాడని అర్థం. తర్వాత రెండు తుమ్ములు, మళ్లీ పద్యం. అమ్మ వంటింట్లో బొరుగులు తడిపి ఉగ్గాని కలుపుతూ ఆ తుమ్ములను బట్టే పొద్దు ఎంతయిందో చెప్పేది. మా అన్న మద్రాసులో డాక్టరు చదువు చదువుతున్నాడు, ఇంకో యేడాది ఉంది. ఆ చదువు సాగేది నాయన జీతం మీదే. నన్ను నాలుగో ఫారంతో, అంటే ఇప్పటి తొమ్మిదో తరగతితో, మాన్పించారు. ఎందుకని నేను అడగలేదు, అడిగితే చెప్పగలిగే కారణం కాదు అది.

సెలక్షన్ పరీక్ష అనేదొకటి ఉండేది, ఈ కాలం పిల్లలకు తెలియదు. అసలు పరీక్ష యూనివర్సిటీవాళ్లు పెట్టేది. దానికి ఎవరిని పంపాలో ఎవరిని ఆపాలో కాలేజీవాళ్లు ముందే ఒక పరీక్ష పెట్టి తేల్చేవాళ్లు. ఏ ఒక్క సబ్జెక్టులో ముప్ఫై అయిదు రాకపోయినా ఆ యేడు ఇంటికే. జాబితా బోర్డు మీద అంటించిన రోజున మా వీధంతా పిల్లలే, ఎందుకంటే నలుగురు లెక్చరర్లవి పక్కపక్క ఇళ్లు. లెక్కలాయన తలుపు ఆ పూట మూసుకుంటే అయిదారు రోజులకు గానీ తెరుచుకునేది కాదు. పిలిస్తే లోపలినుంచి ఆయన భార్య "పూజలో ఉండారప్పా" అనేది. మంత్రాలయంలో కూడా అంత పొద్దు పూజ జరగదని పిల్లలు నవ్వుకునేవాళ్లు, ఏడవలేక. ఇంగ్లీషాయన మాత్రం తలుపు బార్లా తీసి పెట్టేవాడు. "మార్కులు తక్కువ పడ్డాయా? ఇటివ్వు" అని పేపరు తీసుకుని, పిల్లవాణ్ని నిలబెట్టి మళ్లీ దిద్ది, అంతకుముందు కంట పడని తప్పులు రెండు పట్టుకుని రెండు మార్కులు కోసేవాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, వచ్చినవాడు ముప్ఫై మూడుతో వచ్చి ముప్ఫై ఒకటితో పోయేవాడు. చరిత్ర చెప్పే ఆయన మెత్తటి మనిషి. కూర్చోబెట్టి తాను ఏయే పరీక్ష ఎన్నిసార్లు తప్పాడో చెప్పుకొచ్చేవాడు, వినీ వినీ పిల్లవాడు తన గోడు మరిచి ఆయన్నే ఓదార్చి వచ్చేవాడు. తర్వాత నేనూ అదే ఉద్యోగం చేశాను కాబట్టి ఇప్పుడు వాళ్లెవరినీ తప్పుపట్టలేను. మార్కు అడగడానికి వచ్చిన పిల్లవాడు ఎదురుగా నిలబడితే, మనం పొరపాటు చేశామేమోనన్న భయం ముందు పుడుతుంది. కోపమూ పూజలూ దాని వెనకాల వస్తాయి.

మా నాయన తీరు వేరు. వచ్చినవాణ్ని కట్ట మీద కూర్చోబెట్టేవాడు. అమ్మ మజ్జిగ ఇచ్చేది. తాగాక పేపరు వాడి చేతికే ఇచ్చి, "చదువప్పా, నేను వింటాను" అనేవాడు. మొదటినుంచి చివరిదాకా, తాను రాసింది తానే గట్టిగా చదవాలి. నాయన కళ్లు మూసుకుని వినేవాడు, మధ్యలో ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. సగం మంది మూడో పుట దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి, "ఇంక చాలు సామీ" అని పేపరు మడిచి లేచిపోయేవాళ్లు. ఒకడైతే తాను రాసిన తాత్పర్యానికి తానే పడీపడీ నవ్వాడు. పండితులవారి పద్ధతి అంటే పద్ధతి అని ఊళ్లో వకీళ్లు కూడా చెప్పుకునేవాళ్లు. నాయనకు చూపు బాగున్న రోజుల్లో మొదలైన పద్ధతి అది. ఆ చూపు పోయాక అదే ఆయనకు చాటయింది.

ఆ సంగతి మా ఇంట్లో ముగ్గురికే తెలుసనుకునేవాళ్లం. నాయన రెండు కళ్లకూ శుక్లాలు ముదిరిపోయాయి. వెలుతురూ చీకటీ తెలిసేవి, మనిషి నీడలాగా కనిపించేవాడు, అక్షరం మాత్రం కనిపించేది కాదు. ఆపరేషన్ అంటే హడలిపోయేవాడు, ఎందుకంటే మా పెదనాయనకు ఊరూరూ తిరిగే కంటివైద్యుడొకడు సూదితో పొడిచి ఉన్న కాస్త చూపూ తీసేశాడు. పాఠాలకు ఇబ్బంది లేదు, పుస్తకాలన్నీ నోటికి వచ్చు. కాలేజీ దారి ఆయన కాళ్లకు తెలుసు. పిల్లలను గొంతును బట్టి పోల్చుకునేవాడు. పేపర్లు దిద్దడానికి మాత్రం నేను కావాలి. నన్ను బడి మాన్పించింది అందుకే. మధ్యాహ్నం అన్నాలయ్యాక లోపలి గదిలో తలుపు దగ్గరికి వేసుకుని నేను చదివేదాన్ని, ఆయన విని మార్కు చెప్పేవాడు, నేను వేసేదాన్ని. చదివిన ప్రతి పుట కింద ఒక ఎర్రగీటు గీయమన్నాడు, చూడని పుట లేదని ఎవరికైనా తెలియడానికి. పేపర్లు యాభై దాటేవి. అంటించిన మార్కు పెరగాలంటే కాలేజీలో ఒక నియమం ఉండేది: దిద్దినవాడే ప్రిన్సిపాల్ గదికి పోయి, ఆయన ముందరా ఇంకో లెక్చరర్ ముందరా ఆ పేపరు చదివి, మార్కు ఎక్కడ ఎందుకు పెరుగుతుందో చూపించాలి. నాయన ఇక ఆ గదికి పోగలిగే మనిషి కాదు.

ఆ యేడు ఆఖరి రోజున ఇంకా పది పేపర్లు మిగిలాయి. అమ్మ వేరుశనగ పాకం ఉండలు చేసింది, మా వైపు బుడ్డల ఉండలంటారు. నాకు చదివీ చదివీ గొంతు ఎండిపోయింది, విసుగొచ్చింది, ఒక ఉండ చేతిలో పెట్టుకుని కొరుక్కుంటూ చదువుతున్నాను. దస్తగిరి పేపరు వచ్చింది. వ్యాసం 'నేను చూసిన కరువు', దానికి ఇరవై మార్కులు. "మా నాయన పరుపులు కుట్టేవాడు. కరువు వచ్చినప్పుడు ఆయన చేతికి" అని ఒక పుట అయిపోయింది. తిప్పి, "ఎద్దులను అమ్ముకున్నారు" అని మొదలుపెట్టాను. నాకు నవ్వొచ్చింది. నాయన కూడా మొహం చిట్లించి, "ఏం రాసినాడమ్మీ వీడు? చేతికి ఎద్దులను అమ్ముకునేదేంది? తలా తోకా ల్యాదు. మూడు వెయ్యి" అన్నాడు. వేశాను. అంతా కలిపి ఇరవై తొమ్మిది. ఇంకొంచెం ఓపిక ఉండి ఉంటే ఆ రెండు ముక్కలూ ఎందుకు అతకలేదో చూసేదాన్ని. ఇంకా తొమ్మిది పేపర్లు ఉన్నాయి మరి.

జాబితా అంటించిన మూడో రోజున, వీధిలో కుక్క కూడా తిరగని ఎండలో దస్తగిరి వచ్చాడు. పొడుగాటి మనిషి, చొక్కా జేబు కింద సిరా మరక, నెత్తిన తువ్వాలు. మైదుకూరు వాళ్లది. ఉర్దూ తీసుకోమని వాళ్ల పెద్దలన్నా వినకుండా తెలుగు తీసుకున్నాడు. కాలేజీలో పద్యం ఎవరు బాగా చదువుతారంటే నాయన వాడి పేరే చెప్పేవాడు. తక్కిన అన్నింటిలో పాసై తెలుగులోనే తప్పాడు. గుమ్మం దగ్గర "సామీ" అన్నాడో లేదో, నాయన "దస్తగిరేనా? రాప్పా, కూర్చో" అన్నాడు.

"మార్కుల గురించి వచ్చినా సామీ."

"నువ్వు రాకపోతే నేనే పిలిపిస్తుంటి. ఇరవై తొమ్మిది ఎట్ల వచ్చినాయో నాకూ తెలుసుకోవాల్నని ఉండాది. ముందు మజ్జిగ తాగు. శారదా, పేపరు తెచ్చియ్యమ్మీ."

తెచ్చిచ్చి తలుపు పక్కన నిలబడ్డాను. వాడు చదవడం మొదలుపెట్టాడు. మొదటి జవాబులు నేను చదివినవే. వ్యాసం వచ్చింది. "కరువు వచ్చినప్పుడు ఆయన చేతికి" దగ్గర ఆగి, కాగితం వెలుతురుకు పెట్టి చూసి, గోటితో మెల్లగా ఒక పొరను విడదీశాడు. చిన్న చప్పుడుతో రెండు కాగితాలూ విడిపోయాయి. ఆ అంచున ఎర్రగా గోధుమరంగుగా ఉన్న మరక ఏమిటో నాకు తెలుసు. వాడు నా వైపు చూడలేదు. వాటి మధ్య ఇరుక్కుపోయి నేను చదవని రెండు పుటలూ చదివాడు. చదవడం ఆపేశాక నాయన వేళ్ల మధ్య పట్టుకున్న నశ్యం అట్లాగే ఉంది.

"మళ్లా చదువు" అన్నాడు నాయన.

"యాడనుంచి సామీ?"

"ఆ ఆయన చేతికి అన్న కాడనుంచి."

మళ్లీ చదివాడు. ఈసారి నాయన పెదవులు వాడితోపాటు కొంచెం కదిలాయి, పద్యం బట్టీ పట్టేటప్పుడు కదిలినట్టు. "ఈ పుట కింద ఎర్రగీటు ఉండాదా అప్పా?" అని అడిగాడు. దస్తగిరి కాగితం చూశాడు, అప్పుడు నన్ను చూశాడు. "ల్యాదు సామీ" అన్నాడు, ఏదో తాను తప్పు చేసినట్టు.

"పేపరు నా దగ్గర పెట్టిపో. ఎల్లుండి రా."

వాడు లేచి, చెప్పులు వేసుకుని కూడా కదల్లేదు. "సామీ, ఈ యేడు వరకే అని చెప్పి పంపినాడు మా నాయన. ఆయనకు చేతులు వణుకుతాండాయి, సూది పట్టల్యాకున్నాడు. ఈ యేడు పోతే నాకు మళ్లా చదువు ల్యాదు" అన్నాడు. నాయన తల ఊపాడు.

వాడు వెళ్లాక నాయన ఆ పేపరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వేలితో ఆ కాగితం అంచు తడిమాడు. వేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. నేను స్తంభానికి అంటుకుని నిలబడి ఉన్నాను. ఆయన నన్ను తిట్టలేదు, గొంతు కూడా ఎత్తలేదు. "చదివేటప్పుడు చెయ్యి కడుక్కోవాలమ్మీ" అన్నాడు, అంతే. జీవితంలో నేను తిన్న దెబ్బ అది ఒక్కటే అనుకుంటాను. తక్కినవన్నీ మాటలు.

ఆ రెండు రోజులూ ఇంట్లో పద్యాలు వినపడలేదు. ప్రిన్సిపాల్ దగ్గరికి పోయి తప్పు నాదని నేను చెప్తానన్నాను. "నీదే అని చెప్తే, పేపరు నీ చేతికెట్ల వచ్చిందని అడుగుతారు. అప్పుడేమి చెప్తావు?" అన్నాడు. అమ్మ చేట పక్కన పెట్టి, నేల చూస్తూ, "మనోనిదీ ఒక్క యేడాదే. ఆ పిల్లోనిదీ ఒక్క యేడాదే. మళ్లా యేడు రాసుకుంటాడు లెండి" అంది. అమ్మ చెడ్డది కాదు. మద్రాసులో కొడుకు ఉన్న తల్లి. నాయన, "మనోని యేడాదికి నేనుండా. వాని యేడాదికి ఎవరుండారే?" అన్నాడు. ఆ మాట విని నేను, నాయన రేపు కాలేజీకి పోతాడు, అంతా చెప్పేస్తాడు అనుకున్నాను. పిల్లలు తమ తండ్రుల గురించి అట్లాగే అనుకుంటారు.

దస్తగిరి చెప్పిన రోజుకు, చెప్పిన వేళకు వచ్చాడు. నాయన కూర్చోమనలేదు. వీధి వైపు మొహం తిప్పుకుని, "అంటించిన మార్కు మార్చేది ల్యాదప్పా. మళ్లా యేడు రాయి" అన్నాడు. ఇంగ్లీషాయనలాగా కోప్పడినా బాగుండేది, లెక్కలాయనలాగా తలుపేసుకున్నా బాగుండేది. మజ్జిగ గ్లాసు తెచ్చిన అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. దస్తగిరి "సరే సామీ" అని దండం పెట్టి దిగిపోయాడు. ఆ దండం నాయనకు కనపడలేదు.

బిందె తీసుకుని నీళ్లకు పోతున్నట్టు వెనకాలే పరుగెత్తాను. వీధి మలుపులో, "అన్నా, ఆ పుట నేనే చదవల్యా. తప్పు నాది. నువ్వు ప్రిన్సిపాల్ దగ్గరికి పో" అన్నాను. ఏడుస్తున్నాను కూడా.

"తెలుసు పాపా. కాగితం బెల్లం వాసన వచ్చింది" అన్నాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "పోతే నాకు మార్కులొస్తాయి. అయ్యవారిని ఇంటికి పంపిస్తారు. ఎట్ల పొయ్యేది?"

"నీకు తెలుసా?" అన్నాను.

"నాకొక్కనికేనా? క్లాసులో అందరికీ తెలుసు. తక్కిన క్లాసుల్లో హాజరు పిలిస్తే ఒకనికి బదులు ఇంకొకడు పలుకుతాం. అయ్యవారి క్లాసులో మాత్రం ఎవడూ పలకడు, ఎంత పోకిరోడైనా సరే. గొంతు పట్టే కదా ఆయన మమ్మల్ని గుర్తుపట్టేది. రెండేండ్లాయ పాపా." తువ్వాలు నెత్తిన వేసుకుని, "నువ్వు ఏడ్చొద్దు, పో. ఈ సంగతి అయ్యవారికి చెప్పొద్దు" అని వెళ్లిపోయాడు. చెప్పలేదు. నాయన పోయేవరకూ చెప్పలేదు.

మరుసటి యేడు దస్తగిరి రాలేదు. నాయన జూలై నెలంతా హాజరు పిలిచేటప్పుడు ఆ గొంతు కోసం చూశాడని నాకు తెలుసు. ఇంటికి రాగానే "మైదుకూరోడు రాల్యా" అనేవాడు, మేము అడగకముందే. అన్న పరీక్ష పాసైనట్టు మద్రాసునుంచి జాబు వచ్చిన వారానికి నా చేత రాజీనామా రాయించాడు. కళ్లు బాగాలేవని ఉన్నది ఉన్నట్టు రాయించాడు. ప్రిన్సిపాల్ చదివి, ఈ మాట ముందే చెప్పకూడదా పంతులుగారూ అన్నాడట. అది కూడా నాయన మాకు చెప్పాడు, నవ్వకుండా.

తర్వాత నన్ను వెంటబెట్టుకుని మైదుకూరికి బయలుదేరాడు. రెండో ప్రపంచయుద్ధం రోజులు, పెట్రోలు లేక బస్సులు బొగ్గుతో నడిచేవి. వెనక ఉన్న బొగ్గుపొయ్యి ఎగదోయడానికి బస్సు ప్రతి ఊళ్లోనూ ఆగేది. దారిపొడుగునా నాయన ఆ పేపరు పంచె మడతలో పెట్టుకున్నాడు. సంత వీధిలో ఒక చావడి కింద దస్తగిరి తండ్రి దూది పక్కన కూర్చుని ఉన్నాడు. గడ్డమంతా దూది నుసి, ఏది గడ్డమో ఏది దూదో తెలియలేదు. కర్నూలు అయ్యవారని చెప్పగానే తత్తరపడి లేచాడు. కొడుకు పటాలంలో చేరిపోయాడట, లారీ నడపడం నేర్పుతున్నారట.

"మీ దగ్గర చదువుకున్యానని శానా గొప్పగా చెప్తాడు సామీ" అన్నాడు. "ఏమి చేస్తాం, మావోనికే తెలివి చాల్ల్యాదు. నేనేమో అందరికీ చెప్పుకున్యా, నా కొడుకు పరీక్షకు పోతాండాడని. తప్పినాడు."

కొడుకు తండ్రికి ఏమీ చెప్పలేదన్నమాట. నాయన ఆయన చేతులు రెండూ తడుముకుని పట్టుకున్నాడు. "నీ కొడుకు తప్పల్యాదప్పా. నేను తప్పినా. వాడు రాసింది బాగుండాది. నేను చూడల్యా. చూడల్యాదని తెలిసినంక కూడా దిద్దల్యా" అన్నాడు. ఇంతకంటే విప్పి ఎవరు చెప్పగలరు? ఆ పెద్దమనిషి మాత్రం చేతులు వెనక్కి తీసుకుని, సిగ్గుపడిపోయి, "మీరు అట్ల అనకూడదు సామీ. పెద్దోళ్లు అట్లే అంటారు, మేము మనసు కష్టపెట్టుకోకూడదని. మాకు తెల్దా?" అన్నాడు. నాయన మళ్లీ చెప్పాడు. ఆయన మళ్లీ అదే అన్నాడు, ఈసారి కళ్లనీళ్లతో. ఎంత చెప్పినా అది నాయన మంచితనం ఖాతాలోకే పోయింది. అక్కడ నిజం తెలిసిన రెండో మనిషిని నేను. నేను చెప్తే నమ్మేవాడేమో. ఆయన భార్య లోపలినుంచి చెంబుతో నీళ్లూ, నాకొక బెల్లం ముక్కా తెచ్చి ఇచ్చింది. నాయన ఆ నీళ్లు తాగాడు. అంతకుముందు ఆయన ఇంకొకరింటి నీళ్లు ముట్టగా నేను చూడలేదు. బెల్లం నా గుప్పిట్లో కరిగి వేళ్లకు అంటుకుంది. నేను నోరు తెరవలేదు.

యుద్ధం అయ్యాక అన్న నాయన్ను బలవంతాన మద్రాసు తీసుకుపోయి ఆపరేషన్ చేయించాడు. సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుని ఇంటికి వచ్చిన మర్నాడు, మొట్టమొదట అడిగింది ఆ పేపరే. కట్ట మీద కూర్చుని, కాగితం మొహానికి ఆనించి, మొదటినుంచి చివరిదాకా కళ్లతో చదువుకున్నాడు. ఎర్ర పెన్సిలు కావాలా నాయనా అని అడిగాను. వద్దని చెయ్యి ఊపాడు. ఆ యేడే ఆగిపోయిన చదువులో నన్ను మళ్లీ పెట్టాడు. దస్తగిరి ప్రాణాలతో తిరిగి వచ్చాడని, కడప దారిలో బస్సు నడుపుతున్నాడని తర్వాత విన్నాము. ఆ దారిలో నేను ఎన్నోసార్లు తిరిగాను. డ్రైవరు "ఎక్కండప్పా" అని అరిచిన ప్రతిసారీ గొంతు పోల్చుకోవడానికి చెవి ఒగ్గేదాన్ని. ఒకసారి ఆ గొంతే అనిపించింది. వెనక సీట్లో తల వంచుకుని కూర్చున్నాను, దిగేటప్పుడు ముందు తలుపు దగ్గరికి పోలేదు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు నా దగ్గరికి మార్కు అడగడానికి వచ్చిన ఏ పిల్లనూ వెనక్కి పంపలేదు. కూర్చోబెట్టి చదివించేదాన్ని, ఆకు ఆకూ తిప్పి చూసేదాన్ని. మేడమ్ ఎంత మంచిదో అనుకునేవాళ్లు. పెద్దవాళ్లు అట్లాగే ఉంటారని వాళ్లూ అనుకున్నారు కాబోలు. అలిసిపోయాను. ఎన్ని పేపర్లు చూసినా ఆ ఒక్కటి బాకీగానే ఉండిపోయింది.

నిన్న మౌనిక చెప్పినట్టే వచ్చింది. దరఖాస్తు పెట్టుకోమన్నాను, ఎవరో ఒకరు చూస్తారేమో, చూడకపోతే అడిగామన్న తృప్తైనా మిగులుతుంది. బల్ల మీది పేపరు చూసి ఏమిటని అడిగింది. సిరా వెలిసిపోయింది, నా కళ్లకు ఇప్పుడు అంత సన్న అక్షరాలు ఆనవు. "నువ్వు చదువమ్మా, నేను వింటాను" అన్నాను. ఆ కాగితాలు ఇన్నేళ్లకు మళ్లీ అంటుకుపోయి ఉన్నాయి. గోటితో విడదీసుకుని ఆ పిల్ల చదివింది.

"మా నాయన పరుపులు కుట్టేవాడు. కరువు వచ్చినప్పుడు ఆయన చేతికి పని తగ్గుతుందని అందరూ అనుకుంటారు. తగ్గదు, పెరుగుతుంది. కుట్టించుకునేవాళ్లు రారు, విప్పించుకునేవాళ్లు వస్తారు. పెళ్లినాటి పరుపులు తెచ్చి, కుట్లు విప్పి దూది తీసి ఇమ్మంటారు, అమ్ముకోవడానికి. తాను కుట్టిన పరుపు తానే విప్పేటప్పుడు మా నాయన మాట్లాడడు. కూలి తీసుకోడు. ఖాళీ గలీబు మడిచి వాళ్ల చేతికిచ్చి, దీన్ని పారవేయవద్దు, మంచి కాలం వస్తే మళ్లీ నింపి ఇస్తాను అంటాడు. మా వీధిలో చాలా ఇళ్లలో ఆ ఖాళీ గలీబులు దండెం మీద వేలాడుతూ ఉంటాయి. రైతుల సంగతి ఇంకా కష్టం. మేత లేక ఎద్దులను అమ్ముకున్నారు."

చదివి పేపరు బల్ల మీద పెట్టింది. "దీనికెన్ని వేస్తారు మేడమ్?" అంది.

"పద్నాలుగు" అన్నాను. అరవై ఏళ్లుగా సిద్ధంగా ఉన్న అంకె అది.

పరీక్ష తప్పిన పిల్ల కదా, చూపు తిన్నగా మొదటి పుట మీదికే పోయింది. వ్యాసం దగ్గర వేసిన మూడు తీసేసి, వేళ్ల మీద కూడుకుంది. "ఇరవై ఆరూ పద్నాలుగూ నలభై. అయితే ఈయన పాసే కదా మేడమ్?"

"పాసేనమ్మా" అన్నాను.